తెల్లకోటు పెద్దాయన

భర్త పోయాక ఆవిడకి ఏడవడానికి కూడా తీరిక దొరకలేదు. ఊరి మొత్తానికి ఉన్నది ఒక్కటే మందుల షాపు, అది కూడా బస్టాండు ఎదురుగా. అందులో కౌంటర్ వెనక నిలబడి మందులిచ్చే అర్హత ఉన్నది ఆయన ఒక్కడికే. చదువుకుని, పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకున్న ఫార్మసిస్టు ఆయన. ఒకరోజు ఛాతీలో నొప్పి అంటూ కుర్చీలో కూలబడ్డవాడు మళ్లీ లేవలేదు. ఊళ్లో అందరూ ఆయన్ని మందులన్నయ్య అనేవాళ్లు. ఆ లెక్కన ఈవిడ మందుల వదిన అయింది.

దినవారాలు అయీ కాకముందే డ్రగ్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. చెప్పులు బయట విడిచి, తల వంచుకుని లోపలికొచ్చి, లైసెన్సున్న ఫార్మసిస్టు లేకుండా షాపు నడవడానికి వీల్లేదనీ, నెలాఖరులోగా ఎవరినైనా చూసుకోమనీ చెప్పి వెళ్లాడు. షాపు మూతపడితే దగ్గు మందు కోసం కూడా పక్క ఊరికి బస్సెక్కాలి. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

వదిన వెతకని చోటు లేదు. భర్తతో చదువుకున్నవాళ్లకి ఫోన్లు చేసింది. ఒకడు మీ ఊళ్లో సినిమా హాలుందా అని అడిగాడు. ఇంకొకడు మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు. తీరా చూస్తే వాడు వచ్చి పనిచేయడట, సర్టిఫికెట్ పంపిస్తాడట, గోడకి తగిలించుకుంటే చాలట. వదినకి ఒళ్లు మండింది. ఆమె భర్త బతికున్నంత కాలం అలాంటి షాపుల పేరెత్తితేనే అగ్గి మీద గుగ్గిలం అయ్యేవాడు. "కాగితం మందులిస్తుందా?" అనేవాడు. ఆ మాట గుర్తొచ్చి ఫోను పెట్టేసింది.

నెలాఖరు దగ్గర పడుతున్న కొద్దీ ఆమెకి తిండి సయించడం మానేసింది. అత్తగారు కంచం ముందుకు తోస్తూ, "వాడు పోయాడు, షాపూ పోనీ. నువ్వు కూడా పోతే నన్నెవరు చూస్తారే?" అంది. ఆవిడ ప్రేమ ఎప్పుడూ తిట్టులాగే ఉంటుంది.

అప్పుడు మందులు సరఫరా చేసే ఏజెంటు ఒక మనిషి సంగతి మోసుకొచ్చాడు. పట్నంలో పెద్దాసుపత్రిలో తలనెరిసేదాకా పనిచేసి రిటైరైన ఫార్మసిస్టట. లైసెన్సు ఖాయంగా ఉందట. పల్లెటూరైనా పరవాలేదంటున్నాడట. వదినకి దేవుడు కనబడ్డట్టయింది.

పెద్దాయన్ని ఆయన కూతురే కారులో తీసుకొచ్చి దింపింది. ఆయన సన్నగా, నిటారుగా ఉన్నాడు. దిగగానే సంచిలోంచి ఇస్త్రీ మడత నలగని తెల్లకోటు తీసి తొడుక్కున్నాడు. షాపంతా ఒకసారి కలయజూసి, అద్దాల మీద దుమ్ము ఉన్న చోట వేలితో గీత గీసి, "శుభ్రం చేసుకుందాం తల్లీ" అన్నాడు. ఆ గొంతు వినగానే వదినకి కళ్లు చెమర్చాయి. కౌంటర్ వెనక ఒక మగ గొంతు విని ఎన్నాళ్లయిందో.

కూతురు మాత్రం ఒకచోట నిలవలేకపోయింది. షాపు వెనక గదిలో మంచం వేసి, బట్టలు సర్ది, కారు తాళాలు చేతిలోనే ఆడిస్తూ వదినని పక్కకి పిలిచింది.

"నాన్నకి పనిలో ఉంటే ఏ ఇబ్బందీ లేదక్కా. పొద్దున్న పూట మరీ బాగుంటాడు. మధ్యాహ్నం కాస్త అలిసిపోతాడు, అప్పుడు మాత్రం మీరు పక్కనే ఉండండి."

"ఒంట్లో బాగోదా?" అని అడిగింది వదిన.

"అబ్బే, వయసు కదా," అని ఆమె కారెక్కేసింది. తండ్రికి చెప్పి వెళ్లడం కూడా మరిచిపోయింది. ఆయన చాలాసేపు కారు వెళ్లిన వైపే చూస్తూ నిలబడి, తర్వాత వదిన వైపు తిరిగి, "ఎవరమ్మా ఆ అమ్మాయి, మంచి కారుంది?" అన్నాడు. ఆయన నవ్వాడు. ఆమె కూడా అది హాస్యమే అనుకుని నవ్వింది.

వారం తిరక్కుండానే ఊరంతా పెద్దాయనకి దాసోహమైపోయింది. వదినకి ఆయన బాబాయిగారైపోయాడు. ఎవరొచ్చినా ముందు కూర్చోబెట్టేవాడు. మందు ఎప్పుడు వేసుకోవాలో, తిన్నాకో తినకముందో, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పేవాడు. చీటీ మీద డాక్టరు గొలుసుకట్టు రాతని తడుముకోకుండా చదివేవాడు. టైలరు ఆయన కోటు చూసి ముచ్చటపడి రెండు గుండీలు ఊరికే కుట్టిచ్చి, "మీరుండగా మాకు జబ్బులు రావడానికే భయపడతాయండీ" అన్నాడు. ఎదురుగా టీ కొట్టు నడిపే ఆవిడ రోజూ పొద్దున్నే గ్లాసుతో టీ పంపేది. ఇన్‌స్పెక్టరు కూడా వచ్చి చూసి, ఇలాంటి పెద్దమనిషి దొరకడం మీ అదృష్టమమ్మా అని మెచ్చుకుని వెళ్లాడు.

వదిన ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి ఎక్కువ రోజులు నిలవలేదు.

మొదట కనిపెట్టింది అత్తగారు. ఒక సాయంత్రం వాకిట్లో కూర్చుని, "మీ బాబాయి నన్ను ఏ ఊరని పొద్దున అడిగాడు. ఇప్పుడు మళ్లీ అడిగాడు. చెప్పాను. ఇంకాసేపటికి మళ్లీ వచ్చి అడిగాడు," అంది.

"ఏదో పరధ్యానంలో ఉండి ఉంటారు అత్తయ్యా."

"నాకూ పరధ్యానం ఉంది. నేను మందులివ్వట్లేదు కదే," అంది ఆవిడ.

ఆ మాట వదిన గుండెలో ముల్లులా దిగింది. మర్నాటి నుంచి ఆయన్ని కనిపెట్టి చూడడం మొదలుపెట్టింది. పొద్దున పూట కూతురు చెప్పినట్టే చురుగ్గా ఉండేవాడు. మధ్యాహ్నం దాటాక ముఖంలో ఏదో దీపం తగ్గినట్టయ్యేది. అరలో పెట్టిన మందు పెట్టిన చోటే ఉన్నా వెతికేవాడు. ఒకసారి చల్లారిన టీ గ్లాసు తీసుకెళ్లి ఇన్సులిన్ ఫ్రిజ్‌లో దాచాడు. మరోసారి వాంతుల మందు అడిగితే, ఆయన చెయ్యి దానంతట అదే ఎడమవైపు రెండో సొరుగులోకి పోయింది. ఆ సొరుగులో ఉండేవి షుగరు బిళ్లలు. వదిన చటుక్కున చెయ్యి పట్టుకుని ఆపింది. ఆయన తెల్లబోయి, "మా ఆసుపత్రిలో ఇక్కడే ఉంటాయి తల్లీ, ఎవరు మార్చారు?" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. దారి తప్పిన పిల్లవాడి బెంగ ఉంది.

ఆ రోజు షాపు కట్టేశాక ఆమె కూతురికి ఫోను చేసింది. ఎత్తలేదు. ఇంకోసారి చేస్తే మీటింగులో ఉన్నానని కబురొచ్చింది. ఏజెంటు చెవిన వేస్తే అతను నీళ్లు నమిలాడు.

ఆయన్ని పంపించేయాలి. ఆ సంగతి ఆమెకి తెలుసు. పంపిస్తే షాపు మూయాలి, అదీ తెలుసు. ఇంకొకరు దొరికేదాకా అనుకుంది. అనుకున్నాక ఆ ఇంకొకరి కోసం వెతకడం మాత్రం అంత గట్టిగా చెయ్యలేదు. దానికి బదులు ఇంకో పద్ధతి కనిపెట్టింది. ఆయన మందు తీసి ఇస్తాడు, పొట్లం కట్టే వంకతో ఆమె చీటీ చూసి సరిచూస్తుంది. తప్పు ఉంటే నోరెత్తకుండా మార్చేస్తుంది. భర్త పక్కన అన్నేళ్లు నిలబడ్డ కళ్లు, ఆ మాత్రం చూడగలవు. బయటివాళ్లకి ఏమీ తెలిసేది కాదు. పెద్దాయన మంచీ చెడ్డా చెప్పేవాడు, జనం దండాలు పెట్టేవాళ్లు, ఆమె వెనక నిలబడి పొట్లాలు కట్టేది. కడుతూ నిప్పుల మీద నిలుచున్నట్టు ఉండేది. అన్నం వేళ దాటినా పక్కకి కదిలేది కాదు. రోజు గడిచి షట్టరు దించాక, ఇవాళ్టికి గండం గడిచింది అనుకునేది.

అత్తగారికి కంట్లో నీరు కారడం ఎక్కువైంది. కంటి డాక్టరు ఊరికి ఎప్పుడో గాని రాడు, వస్తే పొద్దున్నే చూసి వెళ్లిపోతాడు. ఆవిడని ఒంటరిగా పంపడానికి లేదు, చెయ్యి పట్టుకుని నడిపించాలి. షాపు కాసేపు మూసేద్దామా అని వదిన షట్టరు మీద చెయ్యి వేసింది. అప్పటికే ఇద్దరు ముగ్గురు మెట్ల మీద నిలబడి ఉన్నారు. పెద్దాయన కోటు గుండీలు పెట్టుకుంటూ, "నువ్వెళ్లిరా తల్లీ, నేనున్నాను కదా," అన్నాడు. కళ్లు తేటగా ఉన్నాయి. పొద్దున పూటే కదా అనుకుంది. కూతురు అన్న మాట తలుచుకుని తనకి తనే సర్దిచెప్పుకుంది. అలా చెప్పుకుంటున్నప్పుడే లోపల ఎవరో వద్దు వద్దు అంటున్నట్టు అనిపించింది. అయినా వెళ్లింది.

కంటి డాక్టరు దగ్గర జనం తిరునాళ్లలా ఉన్నారు. తిరిగొచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చేసింది. షాపులో ఎవరూ లేరు. పెద్దాయన కౌంటర్ వెనక స్టూలు మీద కూర్చుని గాజుబీరువాలో తన నీడని చూసుకుంటున్నాడు.

"ఎవరైనా వచ్చారా బాబాయిగారూ?"

"ఎవరూ రాలేదు తల్లీ. ఇవాళ ఖాళీయే."

ఎడమవైపు రెండో సొరుగు కొద్దిగా తెరిచి ఉంది. వదిన దగ్గరికెళ్లి లాగింది. షుగరు బిళ్లల అట్ట ఒకటి కత్తెరతో కత్తిరించి ఉంది. సగం లేదు. కత్తిరించిన అంచు కొత్తగా మెరుస్తోంది.

ఆమె ఆ అట్ట తీసి ఆయన ముందు పెట్టింది. "ఇవి ఎవరికిచ్చారు? చెప్పండి, ఎవరికిచ్చారు?" అని అడిగింది. ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, నుదురు ముడతలు పడేలా. ఆఖరికి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, "నేను ఇవ్వలేదనుకుంటానే," అన్నాడు.

షుగరు లేని మనిషి ఆ బిళ్లలు వేసుకుంటే ఒంట్లో ఉన్న కాస్త చక్కెరా దిగిపోయి, చెమటలు పట్టి, మగత కమ్మి, అలాగే పోవచ్చు. భర్త ఎన్నోసార్లు చెప్పిన సంగతే. వదిన ఇక పరువు గురించి ఆలోచించలేదు. రోడ్డు దాటి టీ కొట్టుకి పరిగెత్తింది.

"మా షాపుకి పొద్దున ఎవరొచ్చారు అక్కా? తప్పు మందు ఇచ్చేశాం," అని అందరూ వినేలా అడిగింది. టీ గ్లాసులు గాల్లోనే ఆగాయి. టైలరు కూడా అక్కడే ఉన్నాడు. అతని ముఖంలో నవ్వు చెరిగిపోయింది. టీ కొట్టావిడ గిన్నె కింద పెట్టి గుర్తు చేసుకుంది. టైలరు తలనొప్పి బిళ్ల కొనుక్కున్నాడు, అది అతని జేబులోనే ఉంది, తీసి చూపించాడు, సరైనదే. బడి మాస్టారి భార్య పసిపిల్లల సబ్బు కొంది. ఇంకెవరు?

"ఒక తల్లీకూతుళ్లు దిగారు," అంది ఆవిడ చివరికి. "ఈ ఊరివాళ్లు కాదు. బస్సు మారడానికి దిగారు. ఆ పెద్దావిడకి బస్సులో వాంతులట. కూతురు మీ షాపుకెళ్లి పొట్లం తెచ్చింది. నా దగ్గరే నీళ్లు తీసుకుని మింగించింది. ఒకటి కాదు, ఇదిగో ఇంకోటి వేసుకో అమ్మా, దారంతా పడుకోవచ్చు అంది."

ఆ బస్సు వెళ్లి చాలాసేపయింది.

వదిన బస్టాండులో కంట్రోలరు గది తలుపు తోసుకుని వెళ్లింది. కంట్రోలరు అన్నం తింటున్నాడు. ఆమె ముఖం చూసి ఎంగిలి చేత్తోనే ఫోను అందుకున్నాడు. కండక్టరు నంబరు కలవలేదు. మళ్లీ చేశాడు. బస్సు ఏ మలుపులోనో, సిగ్నలు లేని చోట ఉంది. గదిలో గోడగడియారం చప్పుడు, ఫోనులో ఖాళీ హోరు తప్ప ఇంకేమీ లేదు. వదిన బల్ల అంచు పట్టుకుని నిలబడింది. గుమ్మం దగ్గర జనం పోగయ్యారు.  

చివరికి కలిసింది. కంట్రోలరు ఫోను ఆమె చేతికిచ్చాడు.

"మా బస్టాండులో ఎక్కిన ఒక పెద్దావిడ, పక్కన కూతురు ఉంటారు," అంది వదిన. "ఆవిడ మెలకువగా ఉందేమో చూడు తమ్ముడూ."

కండక్టరు బస్సులో నడుస్తున్న చప్పుడు వినిపించింది. ఎవరితోనో మాట్లాడాడు. ఆడపిల్ల గొంతు ఒకటి మామూలుగా, నిద్రపోతోందండీ, పాపం రాత్రంతా నిద్ర లేదు అంటోంది. తర్వాత అమ్మా, అమ్మా అని పిలుపు. ఇంకోసారి. ఆ పిలుపు ప్రతిసారీ ఒక మెట్టు పైకెక్కుతోంది.

"లేవట్లేదక్కా," అన్నాడు కండక్టరు. "ఒళ్లంతా చెమట. చీర తడిసిపోయింది."

"నోట్లో నీళ్లు పోయొద్దు. ఎవరి దగ్గరైనా చక్కెర ఉంటే కొంచెం తడిపి చిగుళ్లకి రాయండి. బస్సు ఇంకెక్కడా ఆపకండి, దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంటే అక్కడికే తిప్పండి. షుగరు బిళ్లలు పొరపాటున మింగిందని చెప్పండి. ఆ మాట మాత్రం మరిచిపోవద్దు."

ఆమె ఫోను కంట్రోలరుకి తిరిగిచ్చింది. టైలరు కుర్చీ జరిపాడు గాని ఆమె వైపు చూడలేదు.

పెద్దావిడ చనిపోలేదు. మర్నాడు వదిన ఆ ఆసుపత్రికి వెళ్లేసరికి కళ్లు తెరిచి ఉంది. కానీ ఆ కళ్లు ఎవరినీ పట్టుకోవడం లేదు. మాట ముద్దగా, వెనకా ముందూ లేకుండా వస్తోంది. కొంత తిరిగి రావచ్చు, మొత్తం వస్తుందని చెప్పలేం అన్నారు డాక్టర్లు. కూతురు మంచం పక్కన కూర్చుని తల్లి వేళ్లు ఒక్కొక్కటే నిమురుతోంది. వదిన దాచకుండా అంతా చెప్పింది. పెద్దాయన మతిమరుపు తనకి ముందే తెలుసనీ చెప్పింది. తిడుతుందనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

ఆ పిల్ల నిజంగా అర్థం కాక అడిగినట్టు అడిగింది. "మరి తెలిసి ఎందుకు పెట్టుకున్నారండీ?"

 ఊరికి మందులు కావాలి కదా అన్న మాట వదిన నాలుక చివరిదాకా వచ్చి, అక్కడే చచ్చిపోయింది.

ఇన్‌స్పెక్టరుకి ఆమే కబురు చేసి, ఉన్నదున్నట్టు చెప్పింది. షాపు మూశారు. ఊళ్లో కొందరు జాలిపడ్డారు, కొందరు పలకరించడం మానేశారు. టీ కొట్టావిడ మాత్రం పెద్దాయనకి ఆ పొద్దున కూడా టీ పంపింది. ఆయన గ్లాసు పట్టుకుని, మూసిన షట్టరు ముందు కోటు తొడుక్కుని, ఇంకా ఎందుకు తెరవలేదు తల్లీ అని అడుగుతూ నిలబడ్డాడు.

పెద్దాయన కూతురు ఈసారి వెంటనే వచ్చింది. ఆమె కళ్లు వాచి ఉన్నాయి. "ఇంట్లో కూర్చోబెడితే నన్ను కూడా గుర్తుపట్టడక్కా," అంది. "గోడలు తడుముతూ ఏడుస్తాడు. కౌంటర్ వెనక నిలబెడితే మళ్లీ మా నాన్నలా ఉంటాడు. అందుకే..."  వదిన ఆమె చెయ్యి పట్టుకుని, ఇంకెక్కడా పెట్టనని మాటివ్వమంది. ఆమె మాటిచ్చింది. లైసెన్సు రద్దు సంగతి తాను చూస్తాననీ, కాకపోతే పై ఆఫీసులో పని నత్తనడకన సాగుతుందనీ ఇన్‌స్పెక్టరు చెప్పాడు.

వానలు పడ్డాయి, ఆగాయి. వదిన ఇంట్లోనే కూర్చుని టైలరు పంపే బట్టలకి కాజాలు కుట్టడం మొదలుపెట్టింది. ఒక రోజు ఏజెంటు పాత సరుకు తీసుకెళ్లడానికి వచ్చాడు. డబ్బాలు కట్టుకుంటూ మాటల మధ్యలో, కొండ దిగువ ఊళ్లో కొత్తగా తెరిచిన షాపు గురించి చెప్పాడు. వాళ్లకి ఫార్మసిస్టు దొరక్క నానా తంటాలు పడ్డారట. ఇప్పుడు ఎవరో పెద్దాయన వచ్చాడట.

"జనం తెగ మెచ్చుకుంటున్నారు వదినా. మందు ఎలా వేసుకోవాలో కూర్చోబెట్టి మరీ చెప్తాడంట," అని, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. తర్వాత డబ్బా తాడు బిగించే పనిలో పడ్డాడు. అతనికి తెలుసు. ఆయన్ని అక్కడ కుదిర్చింది ఎవరో వదిన అడగలేదు, అతనూ చెప్పలేదు.

ఆమె చెప్పులేసుకుంది. ఎక్కడికని అత్తగారు అడిగితే చెప్పింది. ఆవిడ ఈసారి తిట్టలేదు. "తొందరగా వెళ్లు," అంది అంతే.

ఆ షాపు తమ షాపు కన్నా పెద్దది. అద్దాలు తళతళలాడుతున్నాయి. మెట్ల మీద నుంచి రోడ్డు దాకా వరస ఉంది. కౌంటర్ వెనక తెల్లకోటు, అదే నిటారు నడుము. మధ్యాహ్నం దాటింది. పొట్లాలు సరిచూసే మనిషి ఎవరూ పక్కన లేరు. షాపు యజమాని, ముప్పై దాటని కుర్రవాడు, దూరంగా బల్ల దగ్గర ఫోనులో ఉన్నాడు.

వదిన అతని దగ్గరికెళ్లి, గొంతు తగ్గించి అంతా చెప్పింది. అతను ఫోను కింద పెట్టాడు. ఆశ్చర్యపోలేదు. 

"ఎవరో ఒకరు దొరికేదాకానే అండీ," అన్నాడు అతను నేల చూపులు చూస్తూ. "పొద్దున పూట బాగానే ఉంటారు."

"ఇది పొద్దున కాదు బాబూ."

"మీరూ అలాగే కదా నడిపారు?"

 ఆమె అతన్ని వదిలేసి వరస వైపు తిరిగింది. ఆయన దగ్గర మందు తీసుకోకండి, ఆయనకి గుర్తుండదు, మా ఊళ్లో ఒకావిడ ప్రాణం మీదికి వచ్చింది అని గట్టిగా చెప్పింది. వరస కదలకుండా ఆమెని చూసింది. ఎవరో నవ్వారు. ఇంకెవరో, అంత మంచాయన్ని పట్టుకుని ఆ మాటలేంటమ్మా అన్నారు. నలిగిన చీర, చెదిరిన జుట్టు, వణికే గొంతు. వాళ్ల కళ్లలో తానెలా కనబడుతోందో ఆమెకి తెలుస్తూనే ఉంది.

పెద్దాయన తలెత్తాడు. ఆమె ముఖంలోకి ఎంతో దయగా చూశాడు. గుర్తుపట్టిన జాడ ఏ మూలా లేదు.

"పాపం, ఒంట్లో బాగోనట్టుంది. ఆ అమ్మాయిని కాస్త కూర్చోబెట్టండి," అని, మళ్లీ పనిలోకి వంగి, ఎదురుగా ఉన్న నిండు గర్భిణి చేతిలో పొట్లం పెట్టాడు. అన్నం తిన్నాక వేసుకో తల్లీ అని మెల్లగా చెప్పాడు. ఆమె దండం పెట్టి, పొట్లం కొంగున ముడేసుకుని మెట్లు దిగింది.

ఎవరో వదిన భుజం పట్టుకుని కుర్చీ వైపు నడిపించబోయారు. ఆమె విదిలించుకుంది. వీధి మలుపులో ఆ గర్భిణి చీర అంచు కనబడి మాయమవుతోంది. వదిన పరుగు లాంటి నడకతో ఆ వెనకే వెళ్లింది.